కంకులే ప్రసాదం

కాశీ విశ్వనాథుడి గుడికి కూతవేటు దూరంలో అన్నపూర్ణమ్మ ఉంటుంది. మార్గశిర శుద్ధ షష్ఠి నాడు, అంటే మన ఊళ్లలో సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థం జరిగే రోజున, ఆ గుడినిండా కొత్త వరికంకులే. గర్భగుడి గోడలకు కంకులు, స్తంభాలకు కంకులు, మండపం పైకప్పుకు వేలాడే కుచ్చులు. చందౌలీ వైపు నుంచీ పూర్వాంచల్‌లోని ఇతర జిల్లాల నుంచీ రైతులు తొలి పంటను తెచ్చి తల్లికి సమర్పిస్తారు.

ఆ కంకులనే తర్వాత ప్రసాదంగా పంచుతారు. రైతు వాటిని ఇంటికి తీసుకెళ్లి వచ్చే పంట విత్తనాల్లో కలుపుతాడు. పొలం లేనివాళ్లు ధాన్యం ఉండేచోట భద్రంగా దాచుకుంటారు. అన్నం పెట్టే తల్లి ప్రసాదం వంటింటికి పోకుండా మళ్లీ మడిలోకి చేరుతుంది. ఈ పండుగలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే. అమ్మవారి దయ ఒక పూట భోజనంతో అయిపోకూడదని, ఏడాది పొడుగునా మొలకెత్తాలని కోరుకున్న రైతు మనసు అందులో కనిపిస్తుంది.

షష్ఠి వేడుక 17 రోజుల వ్రతానికి ముగింపు. ఉత్తరాదిలో నెల పౌర్ణమితో పూర్తవుతుంది కాబట్టి వాళ్లు అగహన్ కృష్ణ పంచమి అనేది మనకు కార్తిక బహుళ పంచమి. వ్రతం మొదలయ్యే ఆ రోజు గుడి మహంతు 17 ముళ్ల దారాలు పంచుతారు. వరలక్ష్మీ వ్రతంలో తోరం కట్టుకునే మన ఆడవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. ఇక్కడ మగవాళ్లూ కుడిచేతికి కట్టుకుంటారు. ఆ 17 రోజులూ అన్నం ముట్టరు. ఒంటిపూట పళ్లతోనో, ఉప్పులేని ఫలహారంతోనో గడుపుతారు. మొక్కుకున్నవాళ్లు ఏటా ఇలా 17 ఏళ్లు చేస్తారు. చేను కోతకొచ్చి, ధాన్యం కళ్లానికి చేరే రోజులివి. సరిగ్గా అప్పుడే అన్నం మానేయడంలో గొప్ప వివేకం ఉందంటాను. గాదె నిండే వేళ ఆకలి గుర్తున్నవాడే గింజను నేలపాలు కానివ్వడు.

మార్గశిర పౌర్ణమిని అన్నపూర్ణ జయంతిగా జరుపుతారు. లోకమంతా మాయే, అన్నమూ మాయేనని శివుడు అన్నాడట. పార్వతి అదృశ్యమైంది. లోకం ఆకలితో అలమటించింది. చివరికి ఆయనే భిక్షాపాత్ర పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. ఒక చేతిలో పాయసం గిన్నె, మరో చేతిలో గరిటె ఉండే ఆమె రూపం ఈ కథలోంచి వచ్చిందే. 1913లో కాశీ నుంచి కెనడాకు తరలిపోయిన అన్నపూర్ణ విగ్రహం ఒకటి రెజైనా నగరపు చిత్రశాలలో విష్ణుమూర్తి పేరుతో ఉండిపోయింది. ఆ గిన్నె, గరిటెలే తల్లి ఎవరో పట్టిచ్చాయి. 2021 నవంబరులో ఆమె మళ్లీ కాశీ చేరింది.

మన తెలుగువాళ్లకు అన్నపూర్ణను కళ్లకు కట్టినవాడు శ్రీనాథుడు. ‘కాశీఖండం’లో వ్యాసుడు శిష్యులతో కలిసి వీధి వీధీ తిరిగినా భిక్ష దొరకదు. కోపం పట్టలేక కాశీనే శపించబోతాడు. అప్పుడు ఒక ఇంటి వాకిట పెద్ద ముత్తైదువ కనిపిస్తుంది. ఒక్కపూట తిండి లేకపోతే ఉంటున్న ఊరినే తిట్టిపోస్తావా అని మందలించి, భోజనానికి రమ్మంటుంది. శిష్యులు తినకుండా తాను తినననీ, వాళ్లు పదివేలమందనీ, పొద్దు వాలిపోతోందనీ వ్యాసుడంటాడు. అందరినీ తీసుకురమ్మంటుందామె నవ్వుతూ. పదో తరగతిలో ఈ పాఠం చదివినప్పుడు మనం ప్రతిపదార్థాల హడావిడిలో పడి ఆ తల్లి గుండెను సరిగా చూడలేదేమో! తప్పు చేసినవాడికి చీవాట్లు పెట్టింది కానీ, విస్తరి మాత్రం వేసింది. కాశీ విడిచి పొమ్మన్న శివుడి ఆజ్ఞ కూడా అతడి కడుపు నిండాకే వచ్చింది.

అలా వెళ్లగొట్టిన వ్యాసుణ్ని శ్రీనాథుడు తన ‘భీమేశ్వర పురాణం’లో ఎక్కడికి నడిపించాడో తెలుసా? గోదావరి సీమలోని మన దాక్షారామానికి.

ఆ గోదావరి లంకల్లోనే, గన్నవరంలో, డొక్కా సీతమ్మ (1841–1909) బతికింది. పాయలు దాటి వచ్చిన బాటసారికి కులమేదని అడగకుండా, వేళకాని వేళలోనూ వండి పెట్టిన ఇల్లాలు. జనం ఆమెను అపర అన్నపూర్ణ అన్నారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకకు ఆహ్వానం వస్తే ఆమె వెళ్లలేదనీ, ఫొటో మాత్రమే వెళ్లిందనీ చెబుతారు. కోనసీమవాళ్లు ఇంకా ఇష్టంగా చెప్పుకునే ముచ్చట మరొకటుంది. ఎన్నాళ్ల కోరికో, ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి ఆమె పల్లకిలో బయల్దేరింది. దారిలో ఒక పెళ్లిబృందం సేదతీరుతోంది. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, కాసేపట్లో సీతమ్మగారి ఇల్లు వస్తుంది, కడుపునిండా తిందురుగాని అని పెద్దలు ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిన పడింది. పల్లకి వెనక్కి తిప్పమంది సీతమ్మ. వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేసింది.