కాపోయిరాలో ముందు ఊగడమే ఎందుకు నేర్పిస్తారు?

మన పలాస జీడిచెట్టు పుట్టిల్లు బ్రెజిల్. పాటకు తగ్గట్టు కదులుతూ తన్నే, తప్పించుకునే కాపోయిరా ఆటదీ అదే దేశం. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్లు అక్కడ దాన్ని పెంచారు. 2014లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

మరి కొత్తవాళ్లకు తన్నులకన్నా ముందు ఊగడం ఎందుకు?

ఆగిన ఉయ్యాలకు పెద్ద తోపు కావాలి, ఊగేదానికి చిన్నది చాలు. ఒళ్లూ అంతే. మోకాళ్లు వంచి కుడికాలు వెనక్కి వెయ్యి, కుడిచెయ్యి ముఖానికి అడ్డంపెట్టు. తర్వాత ఎడమవైపు. బరువు ఒక కాలి మీదికెళ్లగానే రెండోది తేలికై, తన్నడానికో తప్పుకోడానికో సిద్ధమవుతుంది. మోకాళ్లు వంచితే బరువు నేలకు దగ్గరై తూలవు.

మన సిక్కోలు తప్పెటగుళ్లలో, రొమ్ముకు కట్టిన రేకు తప్పెట వాయిస్తూ గంతులేసేవాళ్ల మోకాళ్లు ఈసారి గమనించు!