చలికాలపు కయాక్ చేపల వేట

చలికాలపు కయాక్ చేపల వేట అనగా నవంబరు నుండి మార్చి వరకు గల చలి నెలలలో, కయాక్ అనే సన్నని చిన్న పడవలో కూర్చుని, ఉరవళ్ళు (ర్యాపిడ్లు) గల నదిలో ప్రవాహం వెంట దిగుతూ గాలంతో చేపలు పట్టడం. ఇది ముఖ్యంగా ఉత్తర అమెరికాలోని నదులపై ప్రచారంలో ఉన్న వినోద క్రీడ. ఇది పొట్టకూటి కోసం చేసే వేట కాదు. పట్టిన చేపను చాలామంది తిరిగి నీటిలోనే వదిలివేస్తారు. ఈ క్రీడలో ప్రాణాపాయం ఉరవళ్ళ కంటే నీటి చల్లదనం వల్లనే ఎక్కువగా కలుగుతుంది. ఈ వ్యాసంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వెస్ట్ వర్జీనియా గుండా ప్రవహించే న్యూ రివర్ ప్రధాన ఉదాహరణగా తీసుకోబడినది.

కయాక్

కయాక్ ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్, అల్యూట్, యూపిక్ ప్రజల పడవ. కొట్టుకువచ్చిన కలపతోనో, తిమింగలపు ఎముకలతోనో చట్రం కట్టి, దానిపై సీల్ చర్మాన్ని బిగించి దీనిని తయారు చేసేవారు. వేటగాడు నడుము వరకు పడవ లోపల ఉండి, చర్మపు అంగీ అంచును పడవ రంధ్రానికి నీరు చొరకుండా బిగించుకొనేవాడు. పడవ తలక్రిందులైనా అందులో నుండి బయటకు రాకుండానే తెడ్డు సాయంతో తిరిగి నిటారుగా లేవడం వారి విద్యలో ముఖ్యభాగం. ఆ చల్లని సముద్రంలో ఈదడం అసాధ్యమని వారికి తరతరాలుగా తెలుసు. నేటి వినోద వేటగాళ్ళు కొందరు ఈ సంగతిని మరచిపోవడమే ప్రమాదాలకు మూలం.

కనూ అనే మరొక పడవకు, కయాక్‌కు గల తేడాను విద్యార్థులు తరచు తికమక పడుతుంటారు. కనూ తెడ్డుకు ఒక కొసన మాత్రమే రెక్క ఉంటుంది. కయాక్ తెడ్డుకు రెండు కొసలా రెక్కలు ఉంటాయి.

ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో పాలిథిలీన్ ప్లాస్టిక్‌ను అచ్చుపోసి కయాక్‌లను చేయడం మొదలయిన తరువాత, రాళ్ళకు తగిలినా సులభంగా పగలని పడవలు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. చేపల వేటకు ఎక్కువగా వాడేది లోపల కూర్చునే రకం కాదు, పైన కూర్చునే రకం. ఇది కొంత వెడల్పుగా ఉండి తేలికగా ఒరగదు. పడినవాడు నీటిలో నుండి మరల పైకి ఎక్కవచ్చును. అయితే కూర్చున్నవాడి కాళ్ళు, నడుము ఎప్పుడూ తడుస్తూనే ఉంటాయి. వేసవిలో సుఖంగా ఉండే ఈ ఏర్పాటు జనవరిలో పెద్ద లోపం.

న్యూ రివర్

ఈ నది ఉత్తర కరోలినాలో పుట్టి, వర్జీనియా మీదుగా ఉత్తరానికి ప్రవహించి, వెస్ట్ వర్జీనియాలో గాలీ బ్రిడ్జ్ అనే ఊరి వద్ద గాలీ నదితో కలుస్తుంది. అక్కడి నుండి దాని పేరు కనావా; ఆ నీరు ఒహాయో, మిసిసిపీ నదుల ద్వారా మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. న్యూ రివర్ పొడవు సుమారు 515 కిలోమీటర్లు. పేరుకు ఇది కొత్త నదియే గాని, ఆ ఖండంలోని అతి పురాతన నదులలో ఒకటిగా దీనిని భావిస్తారు. అపలాచియన్ పర్వతాలను చుట్టి పోకుండా, వాటిని అడ్డంగా కోసుకొని పోవడం దీని విశేషం.

హింటన్ పట్టణం వద్ద బ్లూస్టోన్ ఆనకట్ట ఉన్నది. దాని దిగువన నది లోతైన లోయలో ప్రవేశిస్తుంది. 1978లో ఈ భాగాన్ని జాతీయ నదిగా ప్రకటించారు. 2020 డిసెంబరులో ఇది న్యూ రివర్ గార్జ్ జాతీయ ఉద్యానవనం అయినది. 1977లో ప్రారంభమైన ఇక్కడి ఉక్కు కమాను వంతెన నదికి 267 మీటర్ల ఎత్తున ఉన్నది.

వేటగాళ్ళు సాధారణంగా హింటన్ నుండి థర్మండ్ వరకు గల ఎగువ భాగాన్నే ఎంచుకొంటారు. ఇక్కడ పొడవైన మడుగులు, వాటి మధ్య చిన్నా పెద్దా ఉరవళ్ళు వస్తాయి. ఈ దారిలోనే నది వెడల్పంతా పరచుకొన్న సాండ్‌స్టోన్ జలపాతం ఉన్నది. దాని మీదుగా దిగడానికి ప్రయత్నించక, పడవను ఒడ్డు వెంట మోసుకొని దిగువకు చేర్చవలెను. థర్మండ్‌కు దిగువన నది ఇరుకై, ఉరవళ్ళు చాలా తీవ్రమవుతాయి. అది నిపుణులకు మాత్రమే తగిన చోటు. గాలపుకర్ర పట్టుకొని దిగవలసిన చోటు కాదు.

ఉరవళ్ళ తరగతులు, నీటి పరిమాణం

నదుల కష్టాన్ని కొలవడానికి ఒక అంతర్జాతీయ కొలబద్ద ఉన్నది. అందులో 1 నుండి 6 వరకు తరగతులు ఉంటాయి. మొదటి తరగతి చిన్న అలలతో కదిలే నీరు; మూడవ తరగతిలో పడవను నింపగల అలలు, ఇరుకు దారులు ఉంటాయి; ఆరవది దాదాపు అసాధ్యం. ఈ కొలబద్ద యొక్క అమెరికా రూపంలో విలువైన సూచన ఒకటి కలదు: నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువైతే, ఆ నదిని ఒక తరగతి ఎక్కువ కష్టమైనదిగా లెక్కించవలెను. అనగా ఆగస్టులో రెండవ తరగతికి చెందిన ఉరవడి జనవరిలో మూడవ తరగతితో సమానం. రాళ్ళు మారలేదు, నీటి పరిమాణం మారలేదు. మారినది పడినవాడికి దొరికే వ్యవధి మాత్రమే.

నదిలో ఎంత నీరు పారుతున్నదో అమెరికా భూగర్భ సర్వే సంస్థ కొలమాన కేంద్రాల ద్వారా తెలుసుకోవచ్చు. అక్కడ కూడా కొలత సెకనుకు ఘనపుటడుగులలోనే. మన ప్రాంతంలో శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు వార్తలలో వినే క్యూసెక్కు ఇదే. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లు. ఆనకట్ట నుండి వదిలే నీటిని మాత్రమే చూసి బయలుదేరడం సరికాదు; హింటన్ వద్ద ఆనకట్టకు దిగువన కలిసే గ్రీన్‌బ్రయర్ నదికి ఆనకట్ట లేదు కనుక, ఎగువ కొండలలో వాన కురిసినా, మంచు కరిగినా ఆ నీరు నేరుగా వచ్చి చేరుతుంది.

చలిలో చేపల ప్రవర్తన

ఇక్కడ ప్రధానంగా వేటాడే చేప స్మాల్‌మౌత్ బాస్. దీని శాస్త్రీయ నామం మైక్రోప్టెరస్ డోలొమియు. ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ 1802లో దీనిని వర్ణించాడు. వాలై, మస్కెలంజ్ అనే చేపలు కూడా ఈ నదిలో దొరుకుతాయి.

చేప శీతరక్త జంతువు. నీటి ఉష్ణోగ్రతే దాని శరీర ఉష్ణోగ్రత. నీరు చల్లబడినకొద్దీ దాని జీవక్రియ మందగిస్తుంది. తక్కువ తింటుంది, తక్కువ కదులుతుంది. వేసవిలో ఉరవళ్ళలో ఎదురీదుతూ ఎరను తరిమిన స్మాల్‌మౌత్ బాస్, నీరు 10 డిగ్రీలకు తగ్గేసరికి ప్రవాహపు ఒత్తిడి తగలని లోతైన మడుగులకు చేరుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. నీటికి 4 డిగ్రీల వద్ద సాంద్రత గరిష్ఠం కాబట్టి, చలికాలంలో చెరువు అడుగున నీరు పైనీటి కంటే కొంచెం వెచ్చగా ఉంటుందని పాఠ్యపుస్తకాలలో చదువుతాము. ఇది నిలకడ నీటికి మాత్రమే వర్తిస్తుంది. ఉరవళ్ళు గల నదిలో నీరు పైకి క్రిందికి కలిసిపోతూ ఉంటుంది గనుక అడుగుకు, పైభాగానికి ఉష్ణోగ్రతలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చేప మడుగుకు చేరేది వెచ్చదనం కోసం కాదు, శ్రమ తగ్గించుకోవడానికి.

పెద్ద బండ వెనుక నీరు వెనుకకు తిరిగి మెల్లగా సుడి తిరిగే చోటును ఎడ్డీ అంటారు. వేగపు నీటికి, ఈ నెమ్మది నీటికి మధ్య గీత గీసినట్లు ఒక సరిహద్దు కనిపిస్తుంది. చేప నెమ్మది నీటిలో నిలిచి, వేగపు నీరు తెచ్చే ఆహారాన్ని అందుకొంటుంది. పడవ నడిపేవాడు కూడా విశ్రాంతికి, తరువాతి ఉరవడిని పరిశీలించడానికి ఈ ఎడ్డీలోనే ఆగుతాడు. చేప నిలిచే చోటు, మనిషి నిలిచే చోటు ఒకటే కావడం వల్లనే ఈ వేటకు కయాక్ అంతగా అనువైనది.

చలిలో ఎరను అడుగుకు దించి చాలా నెమ్మదిగా కదిలించవలెను; ఒక్కోసారి కదలకుండా ఉంచడమే మేలు. చేప గుంజి పట్టదు, తీగ కొంచెం బరువెక్కినట్లు మాత్రమే తెలుస్తుంది. గడ్డకట్టే చలిలో గాలపుకర్ర కొంకులలో మంచు పేరుకొని తీగ కదలదు. దానిని మాటిమాటికీ నీటిలో ముంచి విడిపించుకోవలసి వస్తుంది. రోజంతటికీ రెండు మూడు చేపలు పడినా తృప్తి పడేవారికే ఈ వేట తగును.

చల్లని నీటి ప్రమాదం

నీటిలో పడినవాడు చలికి బిగుసుకొని చనిపోతాడని సాధారణంగా అనుకొంటారు. నిజానికి చాలా మరణాలు అంతకు ముందే, మొదటి నిమిషాలలోనే జరుగుతాయి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ క్రమాన్ని "ఒకటి, పది, ఒకటి" అని గుర్తుపెట్టుకొనే విధంగా ప్రచారం చేశాడు.

మొదటి ఒక నిమిషం: చర్మానికి చల్లని నీరు తగలగానే మనిషి తన ప్రమేయం లేకుండా పెద్దగా ఊపిరి పీల్చుకొంటాడు, ఆపైన ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే పీల్చేది నీటినే. ఎంత ఈత వచ్చినా ఈ ప్రతిచర్యను ఆపలేడు. గుండెజబ్బు ఉన్నవారికి ఇది మరింత ప్రమాదకరం. ఈ నిమిషంలో చేయవలసింది శ్వాసను అదుపులోకి తెచ్చుకోవడం మాత్రమే, అది తల పైకి నిలిపే లైఫ్ జాకెట్ ఉంటేనే సాధ్యం.

తరువాతి పది నిమిషాలు: చేతులకు, కాళ్ళకు రక్తప్రసరణ తగ్గి వేళ్ళు వంగవు. జాకెట్ పట్టీ బిగించడం, పడవ పైకి ఎక్కడం, ఈల ఊదడం వంటివన్నీ ఈ లోపలే జరగాలి. లైఫ్ జాకెట్‌ను పడవలో కట్టి ఉంచి, అవసరమైనప్పుడు తొడుక్కోవచ్చునని భావించేవారు ఈ సంగతిని గమనించవలెను.

తరువాత ఒక గంట: శరీర అంతర్భాగపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల క్రిందికి దిగడాన్ని హైపోథెర్మియా అంటారు. దాని వల్ల స్పృహ తప్పడానికి, మంచునీటిలో సైతం, సుమారు గంట పడుతుంది. అంటే తేలుతూ ఉండగలిగితే రక్షింపబడే అవకాశం చాలా ఉన్నది.

గాలి ఉష్ణోగ్రతను చూసి దుస్తులు వేసుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. మార్చిలో ఎండ కాసే రోజున గాలి 20 డిగ్రీలు ఉన్నా, నీరు 7 డిగ్రీలే ఉండవచ్చును. దుస్తులు నీటిని బట్టి ఉండాలి. నీరు చొరని డ్రై సూట్ లోపల ఉన్ని దుస్తులు ధరించడం ఉత్తమం. నియోప్రీన్ వెట్ సూట్ దాని తరువాతిది. నూలు బట్టలు తడిస్తే వెచ్చదనం ఇవ్వవు. నడుము దాకా వచ్చే రబ్బరు వేడర్లు వేసుకొనేవారు పైన పట్టీ బిగించుకోవాలి.

ఉరవడిలో పడినవాడు వెల్లకిల తేలుతూ, పాదాలను దిగువకు చాచి నీటి పైన ఉంచుకోవాలి. వేగపు నీటిలో నిలబడడానికి ప్రయత్నిస్తే పాదం రాళ్ళ సందులో ఇరుక్కొని, ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచుతుంది. పడిపోయిన చెట్ల కొమ్మలు ఇంకా ప్రమాదం: నీరు వాటి గుండా పోతుంది, మనిషి పోలేడు. లంగరు కూడా వేగపు నీటిలో దింపరాదు. పడవ ప్రక్కకు తిరిగి క్షణాలలో మునుగుతుంది. తాడు కోయడానికి ఒక కత్తి జాకెట్‌కే అమర్చి ఉండాలి.

రక్షించిన మనిషిని పడుకోబెట్టి, తడిబట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టాలి. కాళ్ళు చేతులు రుద్దడం, నడిపించడం, మద్యం త్రాగించడం హానికరం. చల్లబడిన రక్తం ఒక్కసారిగా గుండెకు చేరితే అతడు ఒడ్డున కుప్పకూలవచ్చు.

చట్టాలు

పెన్సిల్వేనియాలో 2012 నుండి, నవంబరు 1 మొదలు ఏప్రిల్ 30 వరకు కయాక్‌లలో, కనూలలో ఉన్నవారు లైఫ్ జాకెట్‌ను తప్పనిసరిగా ధరించి ఉండాలి. మసాచుసెట్స్‌లో ఈ గడువు సెప్టెంబరు 15 నుండి మే 15 వరకు. పడవలో ఉంచితే చాలదు, ధరించాలన్నది ఈ నిబంధనల సారాంశం.

తెలుగు ప్రాంతాలలో

కృష్ణ, తుంగభద్ర నదులపై జాలరులు వాడే పుట్టి (హరిగోలు) కయాక్‌కు పూర్తిగా భిన్నమైనది. వెదురుతో గంపలా అల్లిన దీనికి పూర్వం తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు వాడుతున్నారు. దీనికి ముందు వెనుక అనే భేదం లేదు; ఒకే తెడ్డుతో నడుపుతారు. తక్కువ లోతు నీటిలో రాళ్ళ మీదుగా జారిపోగలదు. తెలుగు నేలలోని నదులు చలికాలంలో కూడా అమెరికా కొండ నదులంతగా చల్లబడవు కాబట్టి పైన చెప్పిన చలిదెబ్బ ఇక్కడి జాలరికి అనుభవంలో లేనిది. చదువుకో, ఉద్యోగానికో చలిదేశాలకు వెళ్ళి, అక్కడి నదులలో సరదాగా దిగే తెలుగువారు గుర్తించవలసిన తేడా ఇదే; గోదావరిలో నేర్చిన ఈత, 5 డిగ్రీల నీటిలో మొదటి నిమిషాన్ని దాటించదు.