చేతికి తెలిసింది కంటికి తెలుస్తుందా?

పుట్టుకతో చూపు లేని మనిషి తడిమి చూసి ఘనమేదో గోళమేదో చెప్పగలడు. అతనికి చూపొస్తే, ముట్టుకోకుండా కళ్లతోనే ఆ తేడా పట్టగలడా? ఐర్లండ్‌కు చెందిన విలియం మాలిన్యూ 1688లో తత్త్వవేత్త జాన్ లాక్‌ను అడిగిన ప్రశ్న ఇది. 1694లో తన గ్రంథం రెండో కూర్పులో లాక్ ‘పట్టలేడు’ అని రాశాడు. పద్ధతిగా పరీక్షించి తేల్చడానికి మరో మూడు శతాబ్దాలు పట్టింది. తేలింది మన దేశంలోనే.

అమెరికాలోని ఎంఐటీలో పనిచేసే పవన్ సిన్హా ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ పేరుతో ఇక్కడి చూపులేని పిల్లలకు వైద్యం చేయిస్తున్నారు. ఆయన బృందం 2011లో అయిదుగురు పిల్లల ఫలితాలు ప్రచురించింది. వాళ్ల వయసు 8 నుంచి 17 ఏళ్లు. నలుగురికి పుట్టుశుక్లాలు, ఒకరికి కార్నియా మసక. ఆపరేషనైన 48 గంటల్లోపే ఆట దిమ్మెల్లాంటి 20 జతల వస్తువులతో పరీక్ష పెట్టారు.

తడిమినదాన్ని మళ్లీ తడిమి గుర్తుపట్టడంలో 98 శాతం సరి. చూసినదాన్ని చూసి గుర్తుపట్టడంలో 92. తడిమినదాన్ని చూసి గుర్తుపట్టమంటే మాత్రం 58! రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి ఊరికే ఊహించి చెప్పినా 50 వస్తాయి. నన్ను కదిలించేది 92కూ 58కీ మధ్య ఉన్న ఈ అగాధమే. కన్ను పనిచేస్తోంది, చెయ్యి పనిచేస్తోంది, మెదడులో రెంటికీ మధ్య దారి ఇంకా పడలేదు.

అయితే కొద్దిరోజులకే మళ్లీ పరీక్షిస్తే స్కోరు గణనీయంగా పెరిగింది. రోజూ చూస్తూ, ముట్టుకుంటూ తిరగడమే వాళ్లకు పాఠమైంది.

మామూలు చూపున్న పెద్దల్లో ఈ కలయిక మరీ నేర్పుగా సాగుతుంది. 2002లో ఎర్నెస్ట్, బ్యాంక్స్ అనే పరిశోధకులు ఒక గట్టు ఎత్తును చూపుతోనూ స్పర్శతోనూ అంచనా వేయించారు. కనిపించేది స్పష్టంగా ఉంటే మెదడు కంటినే ఎక్కువ నమ్మింది. మసక పెంచేకొద్దీ చేతివైపు మొగ్గింది. ఇది పుట్టుకతో వచ్చే విద్య కాదు. 2008లో ఇటలీ పరిశోధకులు చూసినప్పుడు, 8 ఏళ్లలోపు పిల్లలు పరిమాణం చెప్పమంటే చేతినీ, వాలు చెప్పమంటే కంటినీ నమ్ముకున్నారు. రెంటినీ తూచి కలపలేకపోయారు.

అందుకే ‘వయసు మీరింది, ఇప్పుడు ఆపరేషన్ దండగ’ అన్న మాటను నేను ఒప్పుకోను. పుట్టుశుక్లాలను పసితనంలోనే తీయించాలి, నిజమే. ఆలస్యమైతే చూపు పదును పూర్తిగా రాకపోవచ్చు. కానీ ఆ అయిదుగురిలో అందరికన్నా చిన్న వయసే 8.