జానెడు చోటు

మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో పాత తరం గొప్పదా, కొత్త తరం గొప్పదా అన్న పంచాయితీ కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కూడితే ఓ పట్టాన తెగదు. ఒకాయన 1979లో వచ్చిన డబ్ల్యూ126 తలుపు మూసుకునే చప్పుడు దగ్గరే ఆగిపోతాడు. ఇంకొకాయన 1991 నాటి డబ్ల్యూ140 కిటికీలకు రెండేసి అద్దాలుండేవని గుర్తుచేస్తాడు. కుర్రవాళ్లు 2020లో వచ్చిన డబ్ల్యూ223 లోపలి తెరల గురించి చెబుతారు. నా చూపు మాత్రం కారు కిందికే పోతుంది. అక్కడ చక్రానికీ బాడీకీ మధ్య జానెడు చోటు ఉంటుంది. ఆ చోట్లో ఏం పెట్టాలన్న ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది. ఇంజన్ల సంగతి, తోలు సీట్ల సంగతి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు.

"మెత్తటి స్ప్రింగు పెట్టేస్తే కుదుపు ఉండదు కదా సార్, ఇంకేం కావాలి?" అని ఇంటర్ క్లాసులో ఓ కుర్రాడు అడిగాడు. సరే, లెక్క వేద్దాం రమ్మన్నాను. బాడీ సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగితే ఒంటికి హాయిగా ఉంటుందని సస్పెన్షన్ పని చేసేవాళ్ల అనుభవం. సెకనుకు ఒక్క ఊపే కావాలంటే, బాడీ బరువు పడినప్పుడు స్ప్రింగు దాదాపు 25 సెంటీమీటర్లు కిందికి దిగాలి. కారు ఒక టన్ను ఉన్నా రెండు టన్నులున్నా ఇంతే. సమీకరణంలో ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది. ఇప్పుడు అందులోకి మనుషులు ఎక్కి, డిక్కీలో సూట్‌కేసులు పడి, బరువు అయిదో వంతు పెరిగిందనుకోండి. కారు మరో 5 సెంటీమీటర్లు కుంగుతుంది. ఎక్కువ బరువు వెనక పడుతుంది కాబట్టి వెనక భాగం ఇంకా కుంగుతుంది. మలుపు తిరిగితే ఒక పక్కకి ఒరుగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు నేలకు వంచుతుంది. ఇవేమీ జరగకూడదంటే స్ప్రింగు గట్టిగా ఉండాలి. గట్టిగా ఉంటే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. ఉక్కు స్ప్రింగుకు గట్టిదనం ఒకటే, అది ఫ్యాక్టరీలో నిర్ణయమైపోతుంది. ఎంత ఖరీదైన కారైనా ఉక్కు స్ప్రింగు మీద నిలబడితే రాజీ మీద నిలబడినట్టే.

ఈ చిక్కుముడిని అందంగా విప్పినవాడు జర్మన్ కాదు, ఫ్రెంచివాడు. పైగా ఇంజనీరింగు పట్టా లేనివాడు. సిట్రోయెన్ కంపెనీలో చిన్న వయసులోనే చేరిన పాల్ మాజెస్ ఉక్కును పక్కన పెట్టి వాయువును పట్టుకున్నాడు. సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి కడ్డీని నొక్కి చూడండి. మొదట్లో సులువుగా దిగుతుంది, చివరికొచ్చేసరికి ఎంత తోసినా కదలదు. చిన్న కుదుపుకు మెత్తగా, పెద్ద దెబ్బకు గట్టిగా ఉండే గుణం వాయువుకు పుట్టుకతోనే ఉంది. మాజెస్ ప్రతి చక్రానికీ ఒక ఉక్కు గోళం పెట్టాడు. గోళం మధ్యలో ఒక రబ్బరు పొర. దానికి ఒక పక్క నైట్రోజన్, రెండో పక్క నూనె. చక్రం గతుకెక్కితే పిస్టన్ నూనెను గోళంలోకి తోస్తుంది, నూనె రబ్బరు పొరను నెడుతుంది, నైట్రోజన్ ముడుచుకుంటుంది. గోళం మూతి దగ్గరున్న సన్నటి దారుల గుండా దూరి వెళ్లే నూనె తన జిగటతోనే ఊపును చంపేస్తుంది. అంటే విడిగా షాక్ అబ్జార్బర్ అక్కర్లేదు.

అసలు తెలివి దీని తరవాతిది. బరువెక్కి కారు కుంగగానే ఒక చిన్న కడ్డీ కదిలి వాల్వు తెరుస్తుంది. పంపు నుంచి ఇంకొంచెం నూనె వచ్చి చేరుతుంది, కారు మళ్లీ పాత ఎత్తుకు లేస్తుంది. బరువు దిగితే ఆ నూనె వెనక్కి పోతుంది. ఒకరున్నా అయిదుగురున్నా నేలకూ బాడీకీ దూరం ఒక్కటే. పైగా గోళంలో ఉన్న వాయువు మోతాదు మారదు కాబట్టి, దాని మీద బరువు రెట్టింపైతే పీడనం రెట్టింపై ఘనపరిమాణం సగమవుతుంది, స్ప్రింగు గట్టిదనం నాలుగింతలవుతుంది. ఇదంతా 1955లో, కంప్యూటరు చిప్పు అన్న మాటే లేని రోజుల్లో. ఆ ఏడాది పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డీఎస్‌ను చూసి జనం ఎగబడ్డారు. 1962లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్ మీద హత్యాయత్నం జరిగినప్పుడు, టైర్లకు తూటాలు తగిలి గాలి పోయినా ఆయన్ని ప్రాణాలతో తప్పించి తీసుకుపోయింది ఒక డీఎస్సే.

మెర్సిడెస్‌వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1960లలోనే 300 ఎస్ఈ, 600 మోడళ్లకు గాలి స్ప్రింగులు పెట్టారు. కానీ ఎస్-క్లాస్ అన్న పేరు అధికారికంగా మొదలైన డబ్ల్యూ116 తరంలో అన్నింటికన్నా పై మెట్టు మీద నిలిచిన 450 ఎస్ఈఎల్ 6.9కు మాత్రం మాజెస్ దారే పట్టారు. గోళాలు, నైట్రోజన్, ఇంజన్ తిప్పే నూనె పంపు, అన్నీ ఆ సూత్రమే. డీఎస్ తయారీ ఆగిపోయిన 1975లోనే 6.9 అమ్మకానికి వచ్చింది. 286 హార్స్‌పవర్ వీ8 ఇంజన్‌తో రెండు టన్నులకు కాస్త తక్కువ బరువున్న ఆ కారు మొత్తం 7,380 మాత్రమే తయారైంది. పోటీదారుడి తెలివిని గౌరవించి తెచ్చుకోవడం నాకు చిన్నతనంగా కనిపించదు. ఎస్-క్లాస్ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం అదే.

తరవాతి డబ్ల్యూ126లో చాలావాటికి ఉక్కు స్ప్రింగులే. ఆ రాజీని అంత బాగా కుదిర్చిన కారు ఆ రోజుల్లో ఇంకోటి కనిపించడం కష్టం, అందుకే దాని అభిమానులకు ఇంకేదీ ఆనదు. డబ్ల్యూ140 ఎంత భారీగా పెరిగిందంటే, రివర్స్ గేరు వేయగానే కారు వెనక మూలలు ఎక్కడున్నాయో డ్రైవరుకు చూపించడానికి రెండు కడ్డీలు పైకి లేచేవి. నవ్వొస్తుంది గానీ, సెన్సర్లు రాకముందు అదీ ఒక ఉపాయమే.

1998 నాటి డబ్ల్యూ220లో ఎయిర్‌మ్యాటిక్ వచ్చింది. ఈసారి గోళాలు లేవు, రబ్బరు సంచుల్లో గాలి. కుంగితే నూనె బదులు గాలే నింపుతారు. చూడ్డానికి చిన్న తేడా, లెక్కలో పెద్దది. ఇక్కడ ఘనపరిమాణం మారదు, పీడనం ఒక్కటే పెరుగుతుంది. బరువు రెట్టింపైతే గట్టిదనమూ రెట్టింపే. గట్టిదనాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేది ఎప్పుడూ ఒకటే సంఖ్య కాబట్టి, ఖాళీ కారూ నిండు కారూ ఒకే లయలో ఊగుతాయి. నాలుగింతల లెక్కతో పోలిస్తే దీని పొందిక చూడండి! దీని బలహీనత రబ్బరే. ఏళ్లు గడిచి సంచి పగుళ్లిస్తే, రాత్రి నిలిపిన కారు తెల్లారేసరికి ఒక మూల నేలకు వంగి ఉంటుంది. సబ్బు నీళ్లు పోసి బుడగలెక్కడ వస్తున్నాయో చూస్తే కన్నం దొరుకుతుంది.

ఇంతవరకూ చెప్పిన స్ప్రింగులన్నీ దెబ్బ తిన్నాకే స్పందించేవి. అంతకు చాలా ముందే, 1974లో, డీన్ కార్నాప్ అనే ఇంజనీరు, అతని సహచరులు ఒక చిత్రమైన ఊహను లెక్కల్లో పెట్టారు. షాక్ అబ్జార్బర్‌ను బాడీకీ చక్రానికీ మధ్య కాకుండా బాడీకీ ఆకాశానికీ మధ్య బిగిస్తే? రోడ్డు ఎలా ఎగిరినా బాడీ పెద్దగా కదలదు. ఆకాశానికి మేకు కొట్టలేం కాబట్టి, కొట్టినట్టు నటించమని వాల్వులకు కంప్యూటరు చెప్పాలి. ఫార్ములా వన్‌లో లోటస్, విలియమ్స్ జట్లు ఇంకో అడుగు ముందుకేసి, నూనె పీడనంతో చక్రాలను కదిలించి గెలిచాయి. విలియమ్స్ మరీ తేలిగ్గా గెలవడంతో 1994 నుంచి దాన్ని నిషేధించారు. స్పీకర్లతో పేరు తెచ్చుకున్న అమర్ బోస్, అమెరికాలో స్థిరపడిన బెంగాలీ స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు, నూనె అసలే లేకుండా విద్యుదయస్కాంతాలతో ప్రయత్నించాడు. ఆయన బృందం ఒక లెక్సస్ ఎల్ఎస్ 400 చేత అడ్డుగా పెట్టిన చెక్కను గెంతించి చూపించింది. బరువూ ఖర్చూ దాన్ని షోరూముకు రానివ్వలేదు.

మెర్సిడెస్ 1999లో తెచ్చిన పద్ధతిలో ఉక్కు స్ప్రింగు పై కొసను ఒక నూనె సిలిండరు తోస్తుంది. పీడనం సుమారు 200 బార్. మలుపులో బయటి వైపు సిలిండర్లు నెట్టుకొస్తే బాడీ ఒరగదు. 2013 నాటి డబ్ల్యూ222లో దీనికి కళ్లొచ్చాయి. ముందు అద్దం వెనకున్న రెండు కళ్ల కెమెరా 15 మీటర్ల దాకా రోడ్డు ఎగుడుదిగుళ్లను చదువుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 15 మీటర్లంటే సెకనులో సగం చిల్లర. ఆ వ్యవధిలోనే ఏ చక్రాన్ని ఎంత వదలాలో, ఎంత బిగించాలో తేలిపోవాలి. వాననీళ్లు నిండిన గుంత అడుగు ఎక్కడుందో మాత్రం ఏ కెమెరాకీ కనబడదు. మన ఊళ్లలో జులై నెలకు ఇది చిన్న లోపమేమీ కాదు.

డబ్ల్యూ223 సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అదనపు డబ్బు పెట్టి తీసుకునే సస్పెన్షన్‌లో బరువును గాలి సంచి మోస్తుంది, ప్రతి చక్రం దగ్గరా 48 వోల్టులతో నడిచే పంపు నూనెతో నెడుతుంది. మలుపులో కారు బయటికి ఒరగకుండా సైకిలు తొక్కేవాడిలా లోపలికే వాలుతుంది. పక్కనుంచి ఇంకో బండి గుద్దబోతోందని రాడార్లు పసిగడితే, బాడీని 8 సెంటీమీటర్ల దాకా పైకెత్తుతుంది. అప్పుడు దెబ్బ తలుపు మీద కాక, దాని కింద గట్టిగా ఉండే దూలం మీద పడుతుంది.

ఏది గొప్పదంటే నా ఓటు 6.9కే. అందులో ఆలోచించే పని నైట్రోజన్ చేసింది, ఏ ప్రాసెసరూ కాదు. నడుం నొప్పిగా ఉన్న రోజు విజయవాడ దాకా వెళ్లాల్సి వస్తే మాత్రం, 223 వెనక సీటు ఎవరైనా ఇస్తానంటే కాదనను.