అలభ్య విద్యాసంస్థా చరిత్రలు – ప్రామాణికత: థామస్ క్లాప్ రచించిన యేల్ కళాశాల చరిత్ర (1766) పరిశీలన

1. ఉపోద్ఘాతం

అమెరికా విద్యాసంస్థల తొలి చరిత్రల్లో అనేకం చాలాకాలం అలభ్యగ్రంథాలుగానే ఉండిపోయాయి. వాటి మూలప్రతులు కొన్ని పెద్ద గ్రంథాలయాలకే పరిమితమయ్యాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్, 2008లో ఏర్పడిన హాథీట్రస్ట్ వంటి డిజిటల్ గ్రంథాలయాల వల్ల ఇప్పుడు అలాంటి గ్రంథాలు ఎందరో పరిశోధకులకు చేరువయ్యాయి. దీనితో లభ్యత సమస్య చాలావరకు తీరినా ప్రామాణికత సమస్య అలాగే మిగిలింది. పాత గ్రంథం సంఘటనకు దగ్గరి కాలంలో వెలువడింది కనుక అందులోని విషయమంతా నమ్మదగినదనే భావన పరిశోధనలో తరచుగా కనిపిస్తుంది. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవడానికి థామస్ క్లాప్ రచించిన యేల్ కళాశాల చరిత్ర తగిన ఉదాహరణ.

2. గ్రంథకర్త – గ్రంథంలోని స్థాపన కథ

థామస్ క్లాప్ 1740 నుండి 1766 వరకు యేల్ కళాశాలకు అధిపతి. పదవి విడిచిన సంవత్సరంలోనే ఆయన రాసిన కళాశాల చరిత్ర న్యూహేవెన్‌లో అచ్చయింది. యేల్ స్థాపన గురించి విస్తృతంగా ప్రచారంలో ఉన్న కథకు ప్రధాన ఆధారం ఈ గ్రంథమే. దాని ప్రకారం 1700లో కనెక్టికట్ వలసరాజ్యానికి చెందిన మతాచార్యులు బ్రాన్‌ఫర్డ్‌లో సమావేశమయ్యారు. ఒక్కొక్కరు కొన్ని పుస్తకాలను బల్లపై ఉంచి, కళాశాల స్థాపనకు వాటిని ఇస్తున్నట్లు ప్రకటించారు. అలా సుమారు 40 పెద్ద సంపుటాలు సమకూరాయి.

వలసరాజ్య శాసనసభ చట్టం మాత్రం 1701 అక్టోబరులో వచ్చింది. ఆ చట్టం శీర్షికలోనే విద్యాలయాన్ని నెలకొల్పడానికి స్వేచ్ఛనిస్తున్నట్లు ఉంది. శీర్షికను బట్టి చూస్తే, అప్పటికి విద్యాలయం ఇంకా ఏర్పడలేదు. క్లాప్ కథనాన్ని బట్టి చూస్తే, చట్టానికి ముందే స్థాపన జరిగిపోయింది.

3. కథ వెనుక వివాదం

ఒక్క ఏడాది తేడాకు ఇంత ప్రాధాన్యం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం 1763 నాటి వివాదంలో దొరుకుతుంది. 1753లో క్లాప్ విద్యార్థులకు కళాశాలలోనే వేరుగా ఆరాధన ఏర్పాటు చేశాడు. ఆ చర్య, ఆయన పాలనాతీరు విమర్శలకు దారితీశాయి. కళాశాలను తనిఖీ చేసే అధికారాన్ని శాసనసభ వినియోగించాలని ప్రత్యర్థులు కోరారు. ఆంగ్ల న్యాయ సంప్రదాయంలో ఆ అధికారం సంస్థాపకునికి చెందుతుంది. అందువల్ల సంస్థాపకులెవరన్నదే వివాదానికి కేంద్రమైంది. తొలి దానం చేసిన మతాచార్యులే సంస్థాపకులు కనుక శాసనసభకు ఆ అధికారం లేదని క్లాప్ సభ ఎదుట వాదించాడు. శాసనసభ చర్య తీసుకోలేదు. మూడేళ్ల తర్వాత అచ్చయిన చరిత్రలో అదే వాదానికి కథారూపం లభించింది. కనుక బ్రాన్‌ఫర్డ్ ఘట్టాన్ని 1700 నాటి సాక్ష్యంగా కంటే, 1760ల నాటి వాదనకు సాక్ష్యంగా చదవడం సముచితం.

4. ఇతర పత్రాలతో పోలిక

అంతమాత్రాన క్లాప్ గ్రంథాన్ని తోసిపుచ్చడం సరికాదు. 1718లో సేబ్రుక్ నుండి గ్రంథాలయాన్ని న్యూహేవెన్‌కు తరలించినప్పుడు స్థానికులు ప్రతిఘటించారు. ఆ గొడవలో సుమారు 250 పుస్తకాలతో పాటు ముఖ్యమైన కాగితాలు కూడా పోయాయని చెప్పినవాడు క్లాపే. తొలినాటి పత్రాలు కొరవడిన చోట ఆయన గ్రంథం అనివార్యమైన ఆధారం. ఫ్రాంక్లిన్ బౌడిచ్ డెక్స్టర్ 1916లో ప్రచురించిన యేల్ పత్రాల సంకలనం ఈ పోలికకు ఉపకరిస్తుంది. మతాచార్యుల కోరికపై బోస్టన్‌కు చెందిన ఐజాక్ ఆడింగ్‌టన్, శామ్యూల్ స్యూవల్ 1701లో చట్టం ముసాయిదాను సిద్ధం చేశారు. చట్టానికి ముందే మతాచార్యులు చొరవ చూపారన్న అంశం దీనితో బలపడుతుంది. అయితే చొరవ చూపడం, సంస్థను స్థాపించడం ఒకటి కావు. క్లాప్ కథనం ఈ రెండింటి మధ్య ఉన్న భేదాన్ని చెరిపివేసింది.

5. దానం – దాత

సంస్థకు పేరు రావడంలో చెన్నపట్నంతో ముడిపడిన అంశం ఉంది. ఎలిహు యేల్ 1687 నుండి 1692 వరకు అక్కడి సెయింట్ జార్జి కోటకు ఈస్టిండియా కంపెనీ గవర్నరు. కంపెనీ ఉద్యోగంలో ఉంటూనే సొంత వ్యాపారం ద్వారా ధనం గడించాడు. 1718లో ఆయన పంపిన తొమ్మిది మూటల సరుకు అమ్మగా సుమారు 562 పౌండ్లు వచ్చాయి. వాటితో పాటు 417 పుస్తకాలు, మొదటి జార్జి రాజు చిత్రపటం చేరాయి. కృతజ్ఞతగా సంస్థ ఆయన పేరు స్వీకరించింది. సంస్థ పక్షాన రాసే చరిత్రకు దానం ఎంత అన్నది ముఖ్యం. ఆ ధనం ఎక్కడిదన్నది నేటి పరిశోధకుడు వేయవలసిన ప్రశ్న.

6. డిజిటల్ ప్రతుల వాడకంలో జాగ్రత్త

18వ శతాబ్ది ఆంగ్ల ముద్రణలో 'ఎస్' అక్షరానికి పొడవైన రూపం ఉండేది. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ దానిని తరచుగా 'ఎఫ్'గా చదువుతుంది. ఫలితంగా గ్రంథంలో ఉన్న పదం కూడా వెతికినప్పుడు దొరకదు. అందుచేత శోధనలో కనబడలేదన్న కారణంతో గ్రంథంలో ఆ ప్రస్తావన లేదని నిర్ణయించకూడదు. పుట చిత్రాన్ని స్వయంగా చదివి నిర్ధారించుకోవాలి.

7. ముగింపు

సంస్థాధిపతి రాసిన చరిత్రలో రెండు కాలాలు ఉంటాయి. ఒకటి వర్ణితమైన కాలం, రెండవది రచనాకాలం. క్లాప్ గ్రంథం మొదటిదానికి పాక్షిక సాక్ష్యం, రెండవదానికి బలమైన సాక్ష్యం. అలభ్యగ్రంథం చేతికి అందినప్పుడు దానిని ఎవరు, ఏ వివాదం నడుమ, ఎవరిని ఒప్పించడానికి రాశారన్న ప్రశ్నలు ముందుగా వేసుకోవాలి. ఆ తర్వాతే అందులోని విషయాన్ని ఆధారంగా ఉదాహరించడం పరిశోధనకు శ్రేయస్కరం.