రాశి అడుగున తడి

"సాయంత్రం వరకే ఆపగలనండి సాయిబు గారూ. ఆరు గంటలకు భీమవరం నుంచి ఇంకో పార్టీ వస్తోంది. ఆ తర్వాత నన్నేమీ అనుకోకండి."

ఈ మాట మేము మొదటిసారి విన్నది తాడేపల్లిగూడెంలో. ఏలూరులో పదకొండేళ్లు అద్దె ఇంట్లో గడిపిన కుటుంబం మాది. వడ్డీ రుణం జోలికి పోరాదని ముందే నిశ్చయించుకున్నాం. నెలనెలా జీతంలో కొంత మిగిల్చి, ఇంట్లో ఉన్న కాస్త బంగారాన్ని అమ్మి, సొంత గూడు కోసం బయలుదేరాం. బ్యాంకు లోను అక్కర్లేదని చెప్పగానే మధ్యవర్తి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగుకు కారణం అప్పుడు మాకు బోధపడలేదు.

ఆ సాయంత్రమే 50 వేల రూపాయలు నగదుగా ఇచ్చాం. రశీదు అడిగితే, "మన మధ్య కాగితాలెందుకండీ!" అని నవ్వాడు. మేమూ మొహమాటంతో నవ్వి ఊరుకున్నాం. పది రోజుల తర్వాత న్యాయవాదికి పత్రాలు చూపిస్తే అసలు సంగతి బయటపడింది. అమ్ముతున్న వ్యక్తి యజమాని కాడు. అతని చేతిలో ఉన్నది జి.పి.ఏ. మాత్రమే. అది రాసిచ్చిన యజమాని మరణించి రెండేళ్లయింది. యజమాని మరణంతో అటువంటి అధికారం సాధారణంగా ముగిసిపోతుంది. పైగా జి.పి.ఏ. ద్వారా జరిపే అమ్మకాలతో ఆస్తిపై హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. మా 50 వేలు నేటికీ తిరిగి రాలేదు.

లోను తీసుకునేవారికి బ్యాంకు న్యాయవాది పత్రాలు పరిశీలిస్తాడు. అది బ్యాంకు తన డబ్బు కోసం చేసుకునే పనే అయినా, కొనుగోలుదారునికీ కొంత రక్షణ అవుతుంది. వడ్డీకి దూరంగా ఉండే మనకు ఆ వడపోత లేదు. మధ్యవర్తి ముఖం వెలిగింది అందుకే. వడ్డీ నుంచి తప్పించుకున్న డబ్బులో కొద్ది భాగం న్యాయవాదికి చెల్లించడం ఖర్చు కాదు, కర్తవ్యం.

పైన గ్రావెల్, కింద చెరువు

రెండోసారి మమ్మల్ని ఏలూరుకు దక్షిణంగా, కొల్లేటి వైపు తీసుకువెళ్లారు. నడివేసవి. రంగురంగుల జెండాలు, స్వాగత ద్వారం, చదునుగా పరిచిన ఎర్ర గ్రావెల్, సున్నంతో గీసిన హద్దులు. ధర మా స్తోమతకు లోబడే ఉంది. "రేపటి నుంచి గజానికి ఐదు వందలు పెరుగుతుందండి" అన్నాడు ఆ ఏజెంటు. ఇక్కడా ఇంకో పార్టీ సిద్ధంగానే ఉంది.

ఈసారి మేము జేబులో చేయి పెట్టలేదు. రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర కూర్చున్న ఒక వృద్ధ రైతును పలకరించాం. "ఇది నిన్నమొన్నటి చేపల చెరువండి బాబూ. గట్లు కొట్టేసి మెరక చేశారు. వానాకాలం వచ్చి చూడండి" అన్నాడాయన.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులెన్నో తమ నీటిని ఇక్కడికే చేరుస్తాయి. ఆ నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సుకు రామ్‌సర్ చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. అభయారణ్యంలో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం పెద్దఎత్తున తొలగించింది. అటువంటి చోట అభయారణ్యం సరిహద్దు ఎక్కడుందో, వాన నీరు ఎటు పోతుందో తెలియకుండా స్థలం కొనడమంటే కళ్లు మూసుకొని ఏట్లో దిగడమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచెత్తిన దృశ్యాలు మనమంతా చూశాం. నీరు తన పాత దారిని మరచిపోదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక మాకు మదీనా బజారులో జరిగిన ఒక సంఘటన గుర్తుకొచ్చింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చేయి పోనిచ్చారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైనే ఎందుకు ఉంచలేదని ప్రవక్త ప్రశ్నించారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. ముస్లిం హదీసు గ్రంథంలో నమోదైన సంఘటన ఇది. తడిని కప్పిపుచ్చడం వర్తకుని తప్పు. అయితే చేయి లోపలికి పెట్టి చూడవచ్చనే పాఠం కొనుగోలుదారునికీ ఉంది. దళారి తొందరంతా ఆ చేయి లోపలికి పోకుండా ఆపడానికే!

'ఇంకో పార్టీ' మర్మం

కొనే ఉద్దేశం లేకుండా, ఇతరులను ఉసిగొల్పడానికి మాత్రమే ధర పెంచి పలకడాన్ని 'నజ్ష్' అంటారు. దైవప్రవక్త (సల్లం) దీనిని నిషేధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. లేని పార్టీని ఉన్నట్లు చెప్పి భయపెట్టడం ఆ కోవలోనిదే. మనలో కొందరు సోదరులు ఈ వృత్తిలో ఉన్నారు. వారు ఈ మాటను వ్యాపార చమత్కారంగా భావించకుండా, సంపాదనలో హరామ్ కలిసే ద్వారంగా గుర్తించాలి. నిజంగానే మరో కొనుగోలుదారు ఉంటే ఆ ఇల్లు అతని రిజ్క్. మన భాగ్యంలో ఉన్నది సాయంత్రం ఆరు గంటలకు జారిపోదు.

గడువు అడగడం మన హక్కు

బేరాల్లో తరచూ మోసపోయే ఒక సహచరునికి దైవప్రవక్త (సల్లం) ఒక ఉపాయం నేర్పారు. బేరం కుదిరే వేళ 'ఇందులో మోసం ఉండరాదు' అన్న అర్థం వచ్చే మాటను పైకే చెప్పమన్నారు. ఆయనకు మూడు రోజుల గడువు కల్పించినట్లు కూడా కొన్ని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ధర్మవేత్తలు దీని ఆధారంగానే కొనుగోలులో షరతు హక్కును వివరించారు. కనుక "మూడు రోజుల తర్వాత చెబుతాం" అనడానికి సిగ్గుపడనక్కర్లేదు. మూడు రోజులు ఆగలేని బేరంలో ఏదో దాగి ఉన్నట్లే.

బయానా విషయంలోనూ మెలకువ అవసరం. అసలు ఈ మాటే అరబీలో విక్రయం అనే అర్థమిచ్చే 'బైఅ' నుంచి పుట్టింది. కొనుగోలుదారు వెనుదిరిగితే బయానాను అమ్మకందారు ఉంచేసుకోవడాన్ని హనఫీ ధర్మవేత్తలతో సహా అధిక సంఖ్యాకులు అనుమతించలేదు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) అనుమతించారు. అందువల్ల పత్రాల్లో లోపం బయటపడితే పూర్తి సొమ్ము తిరిగివ్వాలన్న షరతును ముందే రాయించుకోవాలి. లావాదేవీలను రాసిపెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని ఆదేశించే సూరా బఖరా 282వ ఆయత్ దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. "మన మధ్య కాగితాలెందుకు" అనేవానికి మేమిప్పుడు ఇచ్చే జవాబు అదే.

సంతకానికి ముందు

దేశ చట్టం కూడా మన పక్షాన ఉంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసే లేఅవుట్లు, ఎనిమిదికి మించి ఫ్లాట్లు ఉండే భవనాలు దీని కింద నమోదు కావాలి. వాటిని అమ్మిపెట్టే ఏజెంటుకూ నమోదు సంఖ్య ఉండాలి. మొదటి ప్రశ్నగా ఆ సంఖ్యనే అడగండి. ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి పుచ్చుకోవడానికి నిర్మాణదారుకు అధికారం లేదు. ఇక 20 వేల రూపాయలు, ఆపైన స్థిరాస్తి అడ్వాన్సును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది. ఇచ్చేదేదో బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 30 ఏళ్ల ఇ.సి. తీయించండి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ భూములతో పాటు వక్ఫ్ భూములూ అందులో ఉంటాయి. తెలియక వక్ఫ్ స్థలం కొంటే డబ్బు పోవడమే కాదు, అల్లాహ్ మార్గంలో అంకితమైన ఆస్తిని ఆక్రమించినవారమవుతాం. అడంగల్, 1-బి నకళ్లు చూసి, గ్రామ సర్వేయరు చేత హద్దులు కొలిపించండి. ఒక సెంటుకు 48.4 గజాలన్న లెక్క గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ స్థలాన్ని వర్షం పడిన మరునాడు చూడండి. ఏజెంటు లేకుండా వెళ్లి పొరుగువారితో మాట్లాడండి.

తడి చెప్పి అమ్మిన మనిషి

చివరకు మాకు ఇల్లు దొరికింది. ఏలూరులోనే, తమ్మిలేటికి కాస్త ఎడంగా, రెండున్నర సెంట్ల స్థలంలో పాత డాబా. చూపించిన పెద్దాయన గేటు దగ్గరే ఆగిపోయారు. "ముందే చెబుతున్నానండి. ఏరు పొంగినప్పుడు ఒకసారి గుమ్మం దాకా నీళ్లొచ్చాయి. వెనక గోడకు బీట ఉంది. చూసుకొని, ఇంట్లో ఆడవాళ్లకూ చూపించి, నిదానంగా చెప్పండి."

మూడు వారాలు తీసుకున్నాం. ఆయన ఒక్కసారి కూడా ఫోను చేయలేదు. ఇది పాత ఇల్లు గనుక రెరా రక్షణ లేదు. న్యాయవాది పత్రాలన్నీ చూశారు. మేస్త్రీ గోడ చూశాడు. బీట బాగుచేసే ఖర్చు తగ్గించి ధర కుదుర్చుకున్నాం. రిజిస్ట్రేషన్ పూర్తయిన రోజునే ఆయన కమీషన్ చేతిలో పెట్టాం. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త బోధ మధ్యవర్తికీ వర్తిస్తుంది కదా!

దళారి అన్న మన తెలుగు మాట అరబీ 'దల్లాల్' నుంచి వచ్చింది. దారి చూపడమనే అర్థం ఆ మాట మూలంలోనే ఉంది. కొన్నవాడూ అమ్మినవాడూ నిజం చెప్పి, లోపాలు దాచకుంటే వారి బేరంలో శుభం కలుగుతుందని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. వర్షాకాలం రాకముందే మేము అరుగు ఒక అడుగు ఎత్తు చేయించుకున్నాం. తడి ఎక్కడుందో ముందే తెలిసింది కాబట్టి.