గోలు కొట్టని తెలుగు హీరో!

మన తెలుగు హీరో ఆడని ఆటంటూ ఉందా? 2003లో 'ఒక్కడు'లో మన తెనాలి పక్క బుర్రిపాలెం కృష్ణగారబ్బాయి మహేష్‌బాబు కబడ్డీ ఆడి హాళ్లు దద్దరిల్లించాడు. 2004లో రాజమౌళి 'సై' అన్నాడు, నితిన్ రగ్బీ ఆడేశాడు. ఆ ఆట పేరు అప్పటిదాకా మనలో చాలామంది విని కూడా ఉండరు! 2010లో నాని 'భీమిలి కబడ్డీ జట్టు'లో కూతకెళ్లాడు. 2019లో అదే నాని 'జెర్సీ'లో బ్యాటు పట్టి, నవ్వుతూ హాల్లోకెళ్లిన వాళ్లని కళ్లు తుడుచుకుంటూ బయటికి పంపాడు. కిక్ బాక్సింగు అయింది, బాక్సింగు అయింది, విలువిద్య అయింది, హాకీ కర్ర తిప్పడమూ అయింది.

మరి ఫుట్‌బాలో? ఒక్క బంతి ఉంటే ఇరవై ఇద్దరు ఆడుకునే ఆట, ప్రపంచమంతా వెర్రెత్తిపోయే ఆట దగ్గరికొచ్చేసరికి మన హీరోగారికి కాళ్లు ఎందుకు ఆడటం లేదు?

ఈ ప్రశ్న నాది కాదు. బాపట్లలో సాయంత్రం పూట ఓ గ్రౌండు గోడ పక్కన, టీకొట్టు ముందు రోజూ సమావేశమయ్యే ఫుట్‌బాల్ పార్లమెంటుది. సూర్యలంక వైపు నుంచి సముద్రపు గాలి మొదలవగానే ఈ సభ కూడా మొదలవుతుంది. వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి. కాలేజీలు తెరిస్తే జట్లు తయారు కావాలి. ఇంతకన్నా మంచి అదను దొరకదని నేనూ వెళ్లి ఓ బెంచీ మీద కూర్చున్నాను.

సభ్యులు వీరే!

పేర్లు మాత్రం అడక్కండి. పత్రికలో పడితే ఇంట్లో చీవాట్లు తప్పవని వాళ్ల భయం. స్పీకరు స్థానంలో రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన ఎడంపక్క మలయాళ సినిమాలు తెగ చూసే ఓ బ్యాంకు ఉద్యోగి. ఎదురుగా బి.టెక్. కుర్రాళ్లు ముగ్గురు. గోడ మీద చేతికి గ్లౌజులతోనే కూర్చున్న ఓ డిగ్రీ అమ్మాయి, గోల్‌కీపరు. ఇక టీకొట్టు బాబాయి సభ్యుడు కాదుగాని ఆయనకి వోటు హక్కుంది. అప్పు పద్దు ఆయన దగ్గరే ఉంది మరి!

"మీకు బాగా నచ్చిన ఫుట్‌బాల్ సినిమా ఏది?" అన్నాను. అంతే, తేనెతుట్టె కదిలింది.

మాస్టారు ముందు గొంతు సవరించుకున్నారు. "1981లో వచ్చిన 'ఎస్కేప్ టు విక్టరీ'. మద్రాసులో చూశాను. జాన్ హూస్టన్ తీశాడు. యుద్ధ ఖైదీలకీ జర్మన్లకీ పారిస్‌లో మ్యాచి. మైకేల్ కెయిన్, స్టాలోన్, వాళ్లతోపాటు సాక్షాత్తూ పీలే! హాఫ్‌టైముకి మనవాళ్లు 4-1 వెనకబడి ఉన్నారు. పారిపోడానికి సొరంగం సిద్ధంగా ఉంది. అయినా ఆట సగంలో వదిలేసి పోబుద్ధి కాలేదు వాళ్లకి. వెనక్కొచ్చి 4-4 చేశారు. చివర్లో పెనాల్టీ ఆపిందెవరనుకున్నారు? గోల్‌కీపరు!" అని గోడ వైపు చూశారు. అమ్మాయి గ్లౌజు సర్దుకుంది.

"నా వోటు 'షావోలిన్ సాకర్'కి సార్" అన్నాడో కుర్రాడు. 2001లో స్టీఫెన్ చౌ కుంగ్‌ఫూనీ ఫుట్‌బాల్నీ కలిపి కొట్టిన కిచిడీ అది. బంతి నిప్పులు కక్కుకుంటూ గోల్లోకి పోతుంది! "అది ఆట కాదురా, దీపావళి" అని కొట్టిపారేశారు మాస్టారు.

బ్యాంకాయన 2018లో వచ్చిన మలయాళ చిత్రం 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' అన్నాడు. మలప్పురంలో ఏడుగురేసి ఆడే సెవెన్స్ పోటీలకి నైజీరియా నుంచి ఆటగాణ్ణి తెచ్చుకుంటారు. అతనికి కాలు విరుగుతుంది. జట్టు మేనేజరు తల్లి అతన్ని కన్నకొడుకులా సాకుతుంది. "అందులో గోళ్లు నాకు గుర్తే లేవండీ. ఆ తల్లే గుర్తుంది" అన్నాడాయన. నాగ్‌పూర్ మురికివాడ పిల్లలకి ఆట నేర్పిన విజయ్ బార్సే కథతో 2022లో నాగరాజ్ మంజులే అమితాబ్‌ని పెట్టి తీసిన 'ఝుండ్' కూడా ఆయన జాబితాలో ఉంది.

"మరి నీదేంటమ్మా?" అనడిగాను అమ్మాయిని.

"'విజిల్' అండీ" అంది తడుముకోకుండా. 2019లో అట్లీ తమిళంలో తీసిన 'బిగిల్'కి తెలుగు రూపం. విజయ్ రెండు వేషాలు వేశాడు, రహమాన్ సంగీతం ఇచ్చాడు. అయితే ఈ అమ్మాయికి నచ్చింది విజయ్ డాన్సు కాదు. పెళ్లయ్యాక ఇంటికే పరిమితమైపోయిన ఓ ఆటగత్తె మళ్లీ జట్టులోకొచ్చే ఘట్టం. ఆ పాత్ర వేసిన వర్ష బొల్లమ్మ మరుసటి ఏడాదే 'మిడిల్ క్లాస్ మెలొడీస్'లో మన కొలకలూరు, గుంటూరు కథకి నాయికైంది సుమండీ!

"అందులో కోచి ఆ ఇంటికెళ్లి మాట్లాడతాడు చూడండి... అలా వచ్చి మాట్లాడేవాళ్లుండాలి" అంది. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాం. ఆ మాటలో ఎంతుందో తరవాతగాని తెలియలేదు.

మనాడి కథ, వాళ్ల సినిమా

టీకొట్టు బాబాయి వోటు 'మైదాన్'కి పడింది. "ఏం బాబూ, హైదరాబాదు మాస్టారి కథ మనం తియ్యకపోతిమి. బొంబాయోళ్లు తీసుకుపోయిరి" అన్నాడు టీ వడగడుతూ.

నిజమే! 2024 ఏప్రిల్లో విడుదలైన 'మైదాన్'లో అజయ్ దేవ్‌గణ్ వేసిన పాత్ర హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీంది. ఆయన బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుని తీర్చిదిద్ది, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు పట్టుకొచ్చిన మనిషి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. నాలుగేళ్ల తరవాత 1956 మెల్‌బోర్న్‌లో ఆయన శిక్షణలోని జట్టే ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కెళ్లింది, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనలు కథ వింటే ఏ రచయితైనా పెన్ను తీయాల్సిందే. స్టేడియమంతా మనకి వ్యతిరేకం. జర్నైల్ సింగ్ తల మీద కుట్లతోనే దిగాడు, అదీ బ్యాకుగా కాదు, ఫార్వర్డుగా! జ్వరం నుంచి లేచొచ్చి గోల్లో నిలబడ్డాడు మన సికింద్రాబాదు మైదానాల్లో పెరిగిన పీటర్ తంగరాజ్. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం! అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సరు. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఆ జట్టులోనే సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోళ్లు కొట్టినవాడు. అనారోగ్యంతో చిన్న వయసులోనే ఆట మానుకుని, బెంగాల్లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో పోయాడు. బి.టెక్. కుర్రాళ్లలో ఇద్దరు ఆ పేరు వినడం అదే మొదటిసారి!

'మైదాన్' కోసం ముంబైలో వేసిన సెట్టు 2021 మేలో తౌక్టే తుపానుకి దెబ్బతింది. ఆ సంగతి చెప్పగానే పార్లమెంటు మొత్తం "అయ్యో" అంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది ఈ బాపట్ల దగ్గరే కదా! తుపానంటే ఏమిటో వీళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మన హీరో కాలెందుకు ఆడదు?

ఇక అసలు ప్రశ్న. బ్యాంకాయన సిద్ధాంతం ఇది. కబడ్డీలో హీరో ఒక్కడే గీత దాటి ఏడుగురి మీదికెళ్తాడు. అది ఫైటు సీనే! క్రికెట్‌లో ఆఖరి బంతి, ఆరు పరుగులు, హీరో చేతిలో బ్యాటు. కథకి క్లైమాక్సు తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. ఫుట్‌బాల్‌లో అలా కాదు. గోలు కొట్టేది ఒక్కడే అయినా, ఆ బంతి అక్కడికి రావడానికి నలుగురి కాళ్లు దాటాలి. పక్కవాడికి బంతి ఇచ్చేవాణ్ణి మనం హీరో అనం, హీరో ఫ్రెండంటాం!

నాకు ఈ మాట భలే నచ్చింది. రహీం నేర్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. బంతి కాలికి తగిలించుకుని ఒంటరిగా ఊరేగొద్దు, వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్ అనేవాడాయన. డ్రిబ్లింగు నిషేధించి పోటీలు పెట్టేవాడు. బలహీనమైన కాలితోనే కొట్టాలని పోటీలు పెట్టేవాడు. మన మాస్టారు ఇప్పటికీ ఆ పద్ధతే పాటిస్తారు. మంగళవారం వస్తే గ్రౌండులో కుడికాలు వాళ్లందరూ ఎడంకాలుతోనే ఆడాలి. చూడ్డానికి కామెడీ ట్రాకులా ఉంటుంది. కానీ నెల తిరిగేసరికి ఆ కాలే గోలు కొడుతుంది!

మన ఆట ఎంత గొప్పదో, మన మరుపూ అంతే గొప్పది. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరేమిటో తెలుసా? ఆంధ్రప్రదేశ్! ఈ మధ్య సంగతే చూడండి. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 అయ్యాక, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీలు ఆపి కప్పు చేతికిచ్చాడు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చేసుకుంది. శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23లోనూ, 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం సాధించింది. ఇదంతా మన పత్రికల్లో ఏ మూలన పడిందో!

ఈ ఏడు ఎవరు ఆడతారు?

టీ రెండో విడత వచ్చింది. సినిమాలు పక్కకెళ్లి జట్టు ముందుకొచ్చింది. మాస్టారి జేబులోంచి మడతపెట్టిన కాగితం బయటికి వచ్చింది.

కుర్రాళ్ల జట్టుకి ఢోకా లేదు. నిజాంపట్నం నుంచి వచ్చే ఓ కుర్రాడు కుడి వింగులో ఆడతాడు. ఇసకలో పరిగెత్తి పెరిగినవాడు, గడ్డి మీదికొస్తే లేడిపిల్లే! కర్లపాలెం కుర్రాడొకడు మధ్యలో బంతిని పంచుతాడు. వెనక లైనే కాస్త బోసిపోయింది. ఇద్దరు బ్యాకులు ఉద్యోగాలొచ్చి బెంగుళూరు వెళ్లిపోతున్నారు. "మంచి బ్యాకులన్నీ సాఫ్టువేరు కొనేసుకుంటోందండీ!" అని నిట్టూర్చాడు బ్యాంకాయన.

కాగితం రెండో వైపు అమ్మాయిల జట్టు. జిల్లా సెలక్షన్లకి ఈసారి అమ్మాయిల జట్టునీ పంపాలని మాస్టారి పట్టుదల. ఆ కాగితం మీద తొమ్మిది పేర్లున్నాయి. ఆటకి కావలసింది పదకొండు. గోల్‌కీపరమ్మాయి రెండేళ్లుగా అబ్బాయిలతోనే ప్రాక్టీసు చేస్తోంది. ఇప్పటిదాకా ఒక్క నిజమైన మ్యాచి ఆడలేదు!

"నిజామాబాదు తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశానికి ఆడుతోంది. క్రొయేషియా క్లబ్బుకి కూడా వెళ్లొచ్చింది. మనకి పదకొండుమంది దొరకరా అన్నయ్యా?" అనడిగింది బ్యాంకాయన్ని. ఎవరూ జవాబు చెప్పలేదు.

పదో అమ్మాయి ఉంది. బాగా పరిగెత్తుతుంది. కిందటేడు ఆడింది కూడా. వాళ్ల నాన్న మానిపించాడు. ఆదివారం పొద్దున్నే మాస్టారు, బ్యాంకాయన ఆ ఇంటికి బయల్దేరారు. నేనూ వెనకాల వెళ్లాను. ఆయన బాపట్ల, చీరాల మధ్య ఆటో నడుపుతాడు. కుర్చీలేసి మంచినీళ్లిచ్చి, ఒకటే మాటన్నాడు.

"మాస్టారండీ, మీరంటే గౌరవమే. కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చు నాది. పెళ్లి మాటలప్పుడు ఎముక సంగతి అడిగేది కూడా నన్నే. మిమ్మల్ని కాదు గదా?"

సినిమాలో అయితే ఇక్కడ పెద్ద డైలాగొకటి పడాలి, వెనక వయొలిన్లు మోగాలి. మాస్టారు మాత్రం "నిజమేనయ్యా. విరగదని నేను మాటివ్వలేను. నలభై ఏళ్లలో నా పిల్లలకి రెండుసార్లు విరిగాయి" అన్నారు. ఆ తరవాత "ఓ సాయంత్రం ఆటో గ్రౌండు దగ్గరాపి చూడు. నచ్చకపోతే నువ్వే తీసుకెళ్లిపో. మళ్లీ నీ గుమ్మం తొక్కను" అన్నారు.

బుధవారం ఆరు గంటలకి గేటు దగ్గర ఓ ఆటో ఆగింది. ఆయన దిగలేదు. డ్రైవరు సీట్లోనే కూర్చుని ముప్పావుగంట చూశాడు. కూతురు బంతి పోగొట్టుకున్నప్పుడల్లా హ్యాండిలు మీద చెయ్యి బిగిసింది. ఓసారి గోలు దాకా వెళ్లి, పక్కమ్మాయికి బంతి ఇచ్చి ఆమె చేత గోలు కొట్టించింది. అప్పుడు దిగాడు. "నువ్వే కొట్టొచ్చుగా, ఆ పిల్లకెందుకిచ్చావు?" అనడిగాడు కూతుర్ని. మాస్టారు అంతగా నవ్వడం నేనదే చూడ్డం! ప్రాక్టీసుకి రోజూ ఆయనే దించుతానన్నాడు. చీకటి పడకముందే తీసుకుపోతాడు, పరీక్షలొస్తే ఆట బందు. అవీ షరతులు. మాస్టారు అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు.

కాగితం మీద ఇప్పుడు పది పేర్లు. సెలక్షన్లు దగ్గరికొస్తున్నాయి. నిర్మాతలూ, దర్శకులూ! కథ కోసం ఊళ్లు తిరక్కర్లేదు, బాపట్లలో ఓ టీ తాగి వెళ్లండి.

ఇక ఆ పదకొండో అమ్మాయి ఈ చుట్టుపక్కలే ఏ ఊళ్లోనో ఈ పేజీ చదువుతూ ఉండొచ్చు. చదువుతుంటే గనక, గ్రౌండు సాయంత్రం అయిదింటికి తెరిచే ఉంటుంది. బూట్లు లేకపోయినా ఫరవాలేదట. మాస్టారు ప్రత్యేకంగా చెప్పమన్నారు!